నిచ్చెన మీద నియో

ఆ రోజుల్లో మా పాతబస్తీలో అన్నిటికన్నా పాతది ఏదని అడిగితే, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు చార్మినార్ వైపు చూపించేవాళ్లు. ఇక్కడే పుట్టి పెరిగిన నాలాంటివాళ్లయితే 'న్యూ' అని రాసి ఉన్న బోర్డులను చూపించేవాళ్లు. తాత పెట్టిన హోటలు తండ్రి నడిపి మనవడి చేతికి వచ్చి ఉంటుంది, గోడల సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలుతుంటుంది, బోర్డు మీద మాత్రం 'న్యూ' చెక్కుచెదరదు. దీనికి కారణం ఉంది. మా బజార్లలో అన్నదమ్ములు ఒకే దుకాణంలో ఇమడలేక విడిపోతే, ఉన్నచోటే ఉన్నవాడికి పాత పేరు మిగులుతుంది. బయటికి నడిచినవాడు అదే పేరుకు ముందు 'న్యూ' తగిలించుకుని నాలుగు షట్టర్ల అవతల తెరుస్తాడు. (ఆ పేరు కూడా వదిలేసి హాయిగా ఇంకోటి పెట్టుకోవచ్చు కదా అంటారేమో. ఎంత కోపమొచ్చినా, నాన్న పెట్టిన పేరు వదులుకునేంత కోపం మా దగ్గర ఎవరికీ రాదు.) కాబట్టి 'న్యూ' కనిపించిందంటే, ఎప్పుడో అక్కడ ఒక ఇంట్లో రెండో పొయ్యి వెలిగిందని అర్థం. ఇదంతా ఇప్పుడు పెద్దమనిషిలా చెబుతున్నాను గానీ, పంతొమ్మిదేళ్ల వయసులో నాకు తెలిసింది ఇందులో సగమే. ఆ సగం తెలివితో నేను చేసిన ఘనకార్యం గురించే ఈ కథంతా.

అప్పటికి నేను డిగ్రీలో ఇంగ్లీషు ఒక్కటి తప్పి ఉన్నాను. తెలుగు మీడియంలో చదివినదాన్ని, ఇంగ్లీషంటే చచ్చేంత భయం, దాని మీద అంతకన్నా ఎక్కువ మోజు. ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్టలేని పుస్తకం ఒకటి దొరికింది. ముందు పేజీలు లేవు, వెనక పేజీలు లేవు, మధ్యలో చాలాచోట్ల ఎవరో చాయ్ ఒలకబోశారు. శుభ్రంగా మిగిలింది ఒకే ఒక్క పేజీ. 'నియో' అంటే గ్రీకు భాషలో కొత్త అని, దాన్ని ముందు చేరిస్తే ఏయే ఇంగ్లీషు మాటలు పుడతాయో వరసగా పదకొండు మాటలు ఇచ్చారు అందులో. కొత్త రాతియుగం నియోలిథిక్, పాత పద్ధతిని మళ్లీ కొత్తగా తెచ్చుకుంటే నియోక్లాసికల్, అప్పుడే పుట్టిన బిడ్డకు సంబంధించింది నియోనేటల్, ఏ పనిలోనైనా కొత్తగా చేరినవాడు నియోఫైట్, ఇట్లా. ఆ పేజీని నేను కంఠతా పట్టాను. పట్టి ఊరుకున్నానా? నిన్నటి వంకాయకూర అమ్మ వేడి చేసి పెడితే "ఇది నియోక్లాసికల్ కూర" అన్నాను. "ఏందే నీ లొల్లి, తింటె తిను, లేకుంటె లే" అంది అమ్మ. ధూల్‌పేట్‌లో వినాయకుడి బొమ్మలు చేసే మా బాపుతో, నీది నియోలిథిక్ పని అన్నాను. "రాయి కాదే, మట్టి" అని ఓపిగ్గా సరిచేశాడు. పిన్నికి కూతురు పుడితే ఆసుపత్రికి వెళ్లి, బిడ్డను చూసి గంభీరంగా "నియోనేట్" అన్నాను. అదేదో రోగమనుకుని పిన్ని నర్సును కేకేసింది. ఆ తర్వాత నెల రోజులు నన్ను బిడ్డ దగ్గరికి రానివ్వలేదు.

ఇట్లా ఇంట్లోవాళ్ల ప్రాణం తీస్తున్నదాన్ని ఎక్కడైనా పనిలో పెడితే నయమని బాపు అనుకున్నాడు. లాడ్ బజార్ వెనక సందులో బోర్డులు రాసే పెద్దాయన ఒకాయన బాపుకు పాత స్నేహితుడు. బజారంతా ఆయన్ని ఉస్తాద్ అనే పిలిచేది. ఆయన అసలు పేరు నాకు చాలాకాలం తెలియదు, తెలిశాక కూడా ఉస్తాద్ అనే అన్నాను. చెవి మీద కుంచె, మెళ్లో దారానికి వేలాడే కళ్లజోడు, చొక్కా మీద అన్ని రంగులూ. అప్పుడప్పుడే ఫ్లెక్సీలు వచ్చి కుంచెవాళ్ల కడుపు కొడుతున్నాయి కనుక ఆయన కూడా ఒక కంప్యూటర్ కొన్నాడు. మూణ్నెల్ల కంప్యూటర్ కోర్సు చేశానని నన్ను దాని కోసమే తీసుకున్నాడు. కానీ ఆ కంప్యూటర్‌కు జరీ అంచు గుడ్డ కప్పి ఉంచి, పెళ్లికూతురి ముసుగు తీసినట్టు వారానికొకసారి తీసి, "మంచిగనే ఉన్నది" అని మళ్లీ కప్పేసేవాడు. దాంతో నా పని రంగు నింపడమైంది. రేకు మీద ఆయన అక్షరానికి గీత గీస్తే లోపల నేను ఎనామిల్ పూసేదాన్ని. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ ఆయన చేతిలో ఒకేలా వంగేవి. నా చేతిలో గీత దాటని రోజు లేదు. అయినా ఒక్క మాట అనేవాడు కాదు. "అక్షరం అక్షరం నడిమిట్ల జాగ ఉంటది చూడు బేటీ, గది కూడ రాసినట్టే లెక్క. గది జెర మంచిగ చూస్కో" అనేవాడు. నేను తల ఊపేదాన్ని. ఖాళీ జాగాను రాయడమేంటో నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

ఉస్తాద్‌లో నాకు నచ్చనిది ఒక్కటే, ఆలస్యం. కొన్ని బోర్డులను రెండు రోజుల్లో ఇచ్చేవాడు. కొన్నింటిని మాత్రం గోడకు ఆనించి వారాల తరబడి అట్లాగే ఉంచేవాడు. అడగడానికి వచ్చినవాళ్లతో చేతులు తుడుచుకుంటూ "ఇంకా ఆరలే భాయ్" అనేవాడు. మే నెల హైదరాబాద్ ఎండలో గోడకు కొట్టిన సున్నం చూస్తుండగానే ఆరుతుంది, రేకు మీద ఎనామిల్ నెలరోజులు ఆరకపోవడమేమిటి? ఆయనకు వయసు మీద పడిందని, చేసిన పనీ చేయని పనీ గుర్తుండటం లేదని తేల్చేశాను. గిరాకీలు ఒక్కొక్కరూ ఫ్లెక్సీ దుకాణాలకు వెళ్లిపోతారని, ఈ దుకాణం మూతపడుతుందని, ఇంగ్లీషు తప్పిన నేను మళ్లీ ఇంట్లో వంకాయకూర ముందు కూర్చోవలసి వస్తుందని బెంగ పట్టుకుంది. ఎట్లాగైనా ఉస్తాద్‌ను నేనే కాపాడాలని నిశ్చయించుకున్నాను.

సరిగ్గా అప్పుడే తోతా మైనా వాళ్ల గొడవ వచ్చింది. 'తోతా మైనా బ్యాంగిల్స్' అని లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణం ఉండేది. బోర్డుకు ఒక కొసన చిలుక, ఇంకో కొసన గోరింక ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉండేవి. ఆ దుకాణం అన్నదమ్ములిద్దరిదీ. అన్న ఆగకుండా మాట్లాడతాడని బజారువాళ్లు ఆయనకు తోతా భాయ్ అని, తమ్ముడికి మైనా భాయ్ అని పేర్లు పెట్టేశారు. గొడవ ఒక తలుపు గురించి. దుకాణానికి గాజు తలుపు పెట్టించి లోపల ఏసీ వేయిద్దామన్నాడు తమ్ముడు. తలుపు మూసుకుంటే గద్దె మీద కూర్చుని దారినపోయే ఆడవాళ్లను "ఆవో బాజీ" అని పిలిచేదెట్లా అన్నాడు అన్న. మాటకు మాట పెరిగింది. మైనా భాయ్ ఎదురు వరసలో ఒక మలిగీ, అంటే దుకాణం గది, తీసుకుని, వడ్రంగులను పెట్టి, గాజు తలుపూ ఏసీ పని మొదలుపెట్టించి, నేరుగా మా దగ్గరికి వచ్చాడు. "ఉస్తాద్, న్యూ తోతా మైనా అని రాయాలె. పేరు మూడు భాషలల్ల, న్యూ ఒక్క ఇంగ్లీషులనే. పిట్టలు కూడ గట్లనే ఉండాలె" అన్నాడు. ఉస్తాద్ ఆయన ముఖంలోకి కాసేపు చూసి, "రాస్త బేటా, ఏం ఫికర్ చెయ్యకు" అన్నాడు.

రాశాడు కూడా. చిలుక, గోరింక, మూడు భాషల్లో పేరు, అన్నీ మూడో రోజుకు తయారు. కానీ ఇంగ్లీషు వరసలో ఎడమవైపు 'న్యూ' రావలసిన చోట జానెడు ఖాళీ వదిలి బోర్డును గోడకు ఆనించాడు. ఇక మొదలైంది. మైనా భాయ్ రావడం, "ఇంకా ఆరలే" అని ఉస్తాద్ అనడం. వారం, రెండు వారాలు, నెల. అక్కడ వడ్రంగి పని అయిపోయింది, ఏసీ బిగించారు, శుక్రవారం దుకాణం తెరవాలని చుట్టాలకు చెప్పుకున్నారు. గురువారం మధ్యాహ్నం ఉస్తాద్ నమాజుకు వెళ్లి, అటునుంచి అటే కుంచెల కోసం బేగంబజార్ వెళ్తానని చెప్పాడు. ఆయన అటు వెళ్లాడో లేదో ఇటు మైనా భాయ్ తోపుడుబండి, ఇద్దరు మనుషులతో దిగాడు. "చెల్లె, ఆరినా ఆరకున్నా ఇయ్యాల తీస్కపోత. రేపు ఓపెనింగ్ ఉన్నది" అన్నాడు. నేను బోర్డు వైపు చూశాను. జానెడు ఖాళీ నా వైపే చూస్తోంది. పాపం ఉస్తాద్, అసలు మాట రాయడమే మర్చిపోయాడు! నెలరోజులుగా ఆ సంగతి చెప్పుకోలేక ఆరలేదని సాకు చెబుతున్నాడు! నాకు ఆయన మీద ఎంత జాలి కలిగిందో చెప్పలేను.

"రెండు నిమిషాలు భాయ్" అని ఎర్ర ఎనామిల్ డబ్బా మూత తీశాను. 'న్యూ' అనే రాసి ఉంటే ఇంత కథ ఉండేది కాదేమో. కానీ కుంచె చేతిలోకి రాగానే ఆ పదకొండు మాటల పేజీ కళ్ల ముందు మెరిసింది. న్యూ ఎవరికి లేదు? చెప్పుల దుకాణానికుంది, చాయ్ హోటలుకుంది. "భాయ్, న్యూ పాతబడిపోయింది. నియో అని రాస్త. నియో అంటే కూడ కొత్తనే, గ్రీకు మాట" అన్నాను. మైనా భాయ్ కళ్లు పెద్దవయ్యాయి. "ఈ బజార్ల ఇంకెవరికైన ఉన్నదా?" అని అడిగాడు. లేదన్నాను. "మస్తుంటది, రాయ్" అన్నాడు. 'ఎన్', 'ఈ' అక్షరాలు ఉత్త గీతలే కనుక నెట్టుకొచ్చాను. 'ఓ' మాత్రం గుండ్రంగా రానని మొండికేసి, ఒకవైపు జారిన కోడిగుడ్డులా కుదురుకుంది. అయినా నాకు ముద్దొచ్చింది. తడి బోర్డును బండి మీద పడుకోబెట్టి, దుమ్ము పడకుండా ఒకతను గొడుగు పట్టగా ఊరేగింపులా తీసుకెళ్లారు. సందు మలుపు తిరిగేదాకా చూసి, ఉస్తాద్ వచ్చాక ఏమని మెచ్చుకుంటాడో ఊహించుకుంటూ కూర్చున్నాను.

ఉస్తాద్ వచ్చాడు. ఖాళీ గోడ చూశాడు. "బోర్డు ఏది?" అన్నాడు. చెప్పాను. "ఎడమదిక్కు జాగల ఏమన్న రాసినవా?" అన్నాడు. నియో అని రాశానని, అంటే కొత్త అని, ఆయన పేరు నిలబెట్టానని చెప్పాను. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా స్టూలు మీద కూర్చుని, తెచ్చిన కొత్త కుంచెలను ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు వాటి వెంట్రుకలు సవరించాడు. తర్వాత, "గా జాగ మర్చిపోయి ఇడిచిపెట్టలే బేటీ" అన్నాడు. "అన్నదమ్ములు విడిపోయి వచ్చిన ఏ బోర్డు మీదనైన నేను గా మాట నలభై దినాల దాక రాయ. కోపం గన్ని దినాల కంటె ఎక్కువ ఉండదు. నలభై అయినంక కూడ అడిగితె అప్పుడు రాస్త. ఇంతల ఎవరన్న మనసు మార్చుకుంటరేమో అని గట్ల. ముగ్గురు మార్చుకున్నరు. ఇంకా ఆరు దినాలుండె. నిన్న పొద్దుగాల తోతా నా దగ్గర చాయ్ తాగి, 'తమ్ముడు తలుపు ఎంత వెడల్పు పెట్టిండు ఉస్తాద్' అని అడిగి పోయిండు."

ఆయన తల ఎత్తి తన దుకాణం బోర్డు వైపు చూపించాడు. దాని మీదా 'న్యూ' ఉంది. ఏడాదిగా రోజూ దాని కిందనుంచి నడుస్తున్నదాన్ని, ఒక్కసారి కూడా ఎందుకుందని అడగలేదు. "మా అన్న నా చెయ్యి పట్టుకుని కుంచె తిప్పుడు నేర్పిండు. ఏదో మాట పట్టింపు. అలిగి వచ్చి గంటల ఈ దుకాణం తీస్కున్న, గంటల గా మాట రాసిన. ఆయన నేర్పిన చేతితోనే. తెల్లారి మా అన్న వచ్చిండంట, ఆడ రోడ్డు అవుతల నిలబడి బోర్డు చదివి పోయిండంట. పక్క దుకాణమోళ్లు చెప్పిండ్రు. ఆర్నెల్లకు నేను పోయింది ఆయన జనాజకే, పాడె మొయ్యనీకే." అంతే చెప్పి కుంచెలు డబ్బాలో పెట్టాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే ఒక సంగతి తట్టింది. నేను రాసి గంటన్నర కూడా కాలేదు. ఉస్తాద్ ఇన్నాళ్లూ అందరికీ చెప్పిన మాట ఆ ఒక్కరోజు నిజం. ఆ అక్షరాలు ఇంకా ఆరలేదు!

కిరోసిన్ సీసా, పాతగుడ్డ పట్టుకుని పరుగెత్తాను. బోర్డు అప్పటికే షట్టర్ మీద ఎక్కింది. ఎర్రగా నా కోడిగుడ్డు బజారంతటికీ కనిపిస్తోంది. వడ్రంగులు వదిలిపోయిన చెక్క నిచ్చెన ఒకటి అక్కడే ఉంది. (దాని ఒక కాలు పొట్టి అన్న సంగతి పైకెక్కాకే తెలిసింది.) "ఏంది చెల్లె?" అన్న మైనా భాయ్‌తో "ఓ మంచిగ రాలే భాయ్, సరిచేస్త" అని అబద్ధమాడి, చున్నీ నడుముకు బిగించి చకచకా ఎక్కేశాను. గుడ్డ తడిపి 'ఓ' మీద రుద్దాను. కరిగిపోయింది. "అరే తుడుస్తున్నవేంది! దిగు!" అని ఆయన కింద గంతులేశాడు. ఆ కంగారుకు నేను కదిలాను, నేను కదలడంతో పొట్టి కాలు కదిలింది, నిచ్చెన మొత్తం ఏసీ వైపు ఒరిగింది. నేను కెవ్వుమన్నాను. మైనా భాయ్ లటుక్కున ఒక పక్క పట్టుకున్నాడు. ఎదురు దుకాణంలో గద్దె మీద నుంచి ఇదంతా చూస్తున్న తోతా భాయ్ చెప్పులైనా వేసుకోకుండా ఆటోల మధ్యలోంచి పరుగెత్తుకొచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. నిచ్చెన నిలబడింది.

కిందికి చూశాను. నిచ్చెనకు ఇటొకరు అటొకరు, మధ్యలో నేను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నా పాదాలనే చూస్తున్నారు. నేను దిగితే ఇద్దరూ నిచ్చెన వదిలేస్తారు, ఎవరి దారిన వాళ్లు పోతారు. జీవితంలో మొదటిసారి నా బుర్ర సరిగ్గా పనిచేసింది. దిగకూడదు. తీరిగ్గా 'ఈ' అక్షరం తుడవసాగాను. "ఏం రాసినవ్ బిడ్డా గది, బజారంత అడుగుతున్నరు" అన్నాడు తోతా భాయ్, ఊరుకోవడం ఆయన వల్ల కాక. ఇంతకన్నా మంచి ప్రశ్న నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. కళ్లు తుడుచుకుని (కిరోసిన్ గుడ్డతోనే, దాంతో ఏడుపు రెట్టింపైంది) మొదలుపెట్టాను. "నియో అంటే కొత్త భాయ్. నియోలిథిక్ అంటే కొత్త రాతియుగం." "గది ఎప్పటిది?" "వేల ఏండ్ల కిందటిది." "వేల ఏండ్లదాన్ని కొత్తదంటరా! విన్నవా ఛోటే?" "నాకేం చెప్తున్నవ్, పైన ఉన్న పిల్లకు చెప్పు" అన్నాడు మైనా భాయ్. నెల దాటాక అన్నతో ఆయన అన్న మొదటి మాట అది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "నియోక్లాసికల్ అంటే పాత తీరును మళ్ల కొత్తగ చేసుడు" అన్నాను. "నేను చెప్పింది గదే కద! గద్దె ఉండనియ్, మీద కొత్తగుడ్డ ఎయ్యి అన్న" అన్నాడు తోతా భాయ్. "నువ్వు గద్దె అన్నవ్. కొత్తగుడ్డ అనలే." "అన్న." "అనలే." గాజులు కొనడానికి వచ్చిన ఆడవాళ్లు చుట్టూ మూగారు. బురఖా వేసుకున్న ఒక పెద్దావిడ "అన్నడో లేదో ఇంటికి పోయి చూస్కోండ్రి, పిల్లను ముందు దింపుండ్రి" అంది. "నేను దిగ బాజీ, ఇంకా ఉన్నయి" అని అరిచాను. నియాన్ లైటు కూడా ఈ మాటల కుటుంబంలోదే అంటే, "నియాన్ లైటు పెడదమంటే వద్దన్నది ఎవరు?" అని తమ్ముడు లేచాడు. నియోనేటల్ అంటే అప్పుడే పుట్టిన పిల్లల సంగతి అన్నాను. తోతా భాయ్ ఈసారి గొంతు తగ్గించాడు. "వీడు పుట్టినంక అమ్మీకి మస్తు బాగలేకుండె. నా భుజం మీదనే పండుకునేటోడు. దింపితె ఏడ్సుడే" అన్నాడు, పెద్దావిడతో చెబుతున్నట్టు. మైనా భాయ్ నేల చూస్తూ "ఎన్నిసార్లు చెప్తవ్ భాయ్‌జాన్ గది" అన్నాడు.

పేజీలో మాటలు అయిపోవచ్చాయి. ఎన్ కూడా ఎప్పుడో తుడిచేశాను, ఉత్త రేకునే రుద్దుతున్నాను. నియోలాజిజం అంటే కొత్తగా పుట్టించిన మాట అని గుర్తొచ్చి, ఆ ధైర్యంతో నియోగాజులు, నియోతలుపు, నియోనిచ్చెన అని నేనే పుట్టించసాగాను. నియోనిచ్చెన దగ్గర నా తెలివి, కాళ్ల సత్తువ రెండూ అయిపోయాయి. ఇక దాచుకోలేక చెప్పేశాను. "భాయ్, తప్పు నాది. గీడ జాగ ఉస్తాద్ మర్చిపోయి ఇడిచిపెట్టలే. మీ ఇద్దరి కోసమే ఇడిచిపెట్టిండు. నలభై దినాలు చూస్తడట. ఇంకా ఆరు దినాలున్నయట. నేనే ఖరాబు చేసిన." ఏసీ పెట్టె మీద కిరోసిన్ చుక్కలు పడుతున్న శబ్దం వినిపించింది. తోతా భాయ్, "దిగు బిడ్డా, చేతులు నొస్తున్నయ్. వీనికి చిన్నప్పటిసంది కుడిచెయ్యి నొప్పి కూడ ఉన్నది" అన్నాడు. దిగాను. వాళ్లు నిచ్చెన వదల్లేదు, దాన్ని ఇద్దరూ కలిసి లోపలికి మోసుకెళ్లారు. లోపలికి వెళ్లాక గాజు తలుపు దానంతటదే మూసుకుంది. వాళ్లేం మాట్లాడుకున్నారో బజారులో ఎవరికీ వినపడలేదు. (ఆ తలుపు పనికొచ్చేదే అని నేను మొదటిసారి ఒప్పుకున్నాను.)

అన్నదమ్ములు మళ్లీ ఒకే గద్దె మీద కూర్చున్నారని రాస్తే మీకూ నాకూ బాగుంటుంది గానీ, అట్లా జరగలేదు. దుకాణాలు రెండుగానే మిగిలాయి. శుక్రవారం కొత్తదాన్ని తోతా భాయే తన చేత్తో తెరిచాడు. ఎదురెదురుగా రెండు 'తోతా మైనా'లు, ఒకటి కొత్తదనీ లేదు, ఒకటి పాతదనీ లేదు. పెళ్లివాళ్లు వస్తే చల్లగా కావాలన్నవాళ్లను అన్న అటు పంపేవాడు, బేరం కావాలన్నవాళ్లను తమ్ముడు ఇటు పంపేవాడు. తమ్ముడి బోర్డు మీద ఎడమవైపు నా ఎర్రరంగు ఎంత తుడిచినా పోని లేతగులాబీ మరకగా ఉండిపోయింది. పేరుకు ముందు ఆ మరకేమిటని అడిగినవాళ్లకు మైనా భాయ్ ఏదో ఒకటి చెప్పి నవ్వేవాడట.

నిచ్చెన ఎక్కిన మర్నాడు పనిలోంచి తీసేస్తారనే భయంతోనే వెళ్లాను. ఉస్తాద్ పాత రేకు ముక్క ఒకటి నా ముందు పెట్టాడు. "నిన్న అత్తరు దుకాణం మూలకు నిలబడి అంత చూసిన. ఓ మాత్రం మస్తు ఖరాబుగ రాసినవ్ బేటీ. గది రేకు మీద ఉండిపోతె నాకు నిద్ర పట్టకపోవు" అన్నాడు. నెలరోజులు నాతో 'ఓ' ఒక్కటే రాయించాడు. గుండ్రంగా వచ్చిన రోజు చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు. మరో మధ్యాహ్నం నిచ్చెన తెచ్చి తన బోర్డుకు ఆనించి, "ఎక్కు, నేను పట్టుకుంట. గా న్యూ తీసెయ్" అన్నాడు. కిరోసిన్ రాశాను, బ్లేడుతో గీశాను, గరుకు కాగితంతో రుద్దాను. చెయ్యి బొబ్బలెక్కిందే గానీ అది చెక్కుచెదరలేదు. కిందనుంచి ఆయన నవ్వుతూ, "ఆరిపోయింది బేటీ. ఇగ రాదు. దిగు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనే చాలాసేపు దిగలేకపోయాను.

ఆ ఏడాది ఇంగ్లీషు పాసయ్యాను. (పరీక్షలో నియో మీద ఒక్క ప్రశ్న రాలేదు. 'యాంటీ' మీద వచ్చింది, అది చాయ్ ఒలికిన పేజీలో ఉంది.) ఉస్తాద్ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాకు నా సొంత దుకాణం ఉంది. కుంచె లేదు, ఎనామిల్ లేదు, మెషీను కోసిన ప్లాస్టిక్ అక్షరాల వెనక లైట్లు పెట్టి ఇస్తాం. అయిదు రోజుల కిందట ఒకమ్మాయి వచ్చింది. అక్కతో కలిసి నడిపిన బొటీక్ నుంచి బయటికొచ్చి తను వేరే పెట్టుకుంటోందట. అదే పేరుకు ముందు 'నియో' కావాలంది. ఇప్పుడు అదే ఫ్యాషనట. ఆ మాట ఈ బస్తీలో మొదట రాసింది ఎవరో చెబుదామనుకుని, ముందు ఆ పిల్ల కళ్లు చూసి ఊరుకున్నాను. ఏడ్చి వచ్చిన కళ్లవి. మిగతా అక్షరాలన్నీ మూడు రోజుల్లో తయారయ్యాయి. ఎడమవైపు జానెడు ఖాళీ వదిలి గోడకు ఆనించాను. నిన్న మళ్లీ వచ్చి, "ఎప్పుడిస్తరు మేడమ్?" అని అడిగింది.

"ఇంకా ఆరలే తల్లీ" అన్నాను.

"ప్లాస్టిక్‌కి ఆరుడేంది మేడమ్?" అని నన్ను ఎగాదిగా చూసింది. వయసు మీద పడిందని, చేసిన పనీ చేయని పనీ గుర్తుండటం లేదని తేల్చేసిన చూపు అది. ఆ చూపు నాకు బాగా తెలుసు. చేతులకు ఏ రంగూ లేకపోయినా గుడ్డతో తుడుచుకుంటూ, ఇంకో ముప్పై ఆరు రోజులు పడుతుందని చెప్పి, ఆ పిల్లకు చాయ్ తెప్పించాను.